చేపల వేటకు పరిమితి ఎలా పెడతారు? తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చేపల కూర లేనిదే ఆదివారం గడవని ఇళ్ళు చాలా ఉన్నాయి. కాశిమేడు రేవులో పనిచేసేవారు, మరపడవల్లో వాటా ఉన్నవారు, పులికాట్ వైపు చుట్టాలున్నవారు కూడా తక్కువేమీ కాదు. వేట నిషేధం వచ్చిందంటే వీరంతా అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాం. కొన్నింటికి రెండు మాటల్లో జవాబు చెప్పవచ్చు. కొన్నింటికి అలా చెబితే అన్యాయమవుతుంది.

వేట పరిమితి అంటే ఏమిటి?

ఫలానా సముద్ర ప్రాంతంలో ఫలానా రకం చేపను ఏడాదికి అందరూ కలిసి ఇన్ని టన్నులకు మించి పట్టకూడదని ముందే నిర్ణయించే అంకె. అందులో ఒక పడవకో, కంపెనీకో, ఊరికో వచ్చే వంతును కోటా అంటారు. అంకె నిండగానే ఆ చేప వేట ఆ ఏటికి ఆగిపోవాలి.

ఇంకో దారి కూడా ఉంది. ఎన్ని టన్నులన్నది చెప్పకుండా ఎన్ని పడవలు, ఎన్ని రోజులు, ఏ వల, ఎంత కన్ను, తీరానికి ఎంత దూరంలో అన్నవాటికి హద్దులు పెట్టడం. మన దేశం ఇప్పటివరకు నడిచింది ప్రధానంగా ఈ రెండో దారిలోనే. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒప్పందం మాత్రం తీరదేశం ప్రతిదీ తన 200 నాటికల్ మైళ్ళ ప్రత్యేక ఆర్థిక మండలంలో ఎంత వేటను అనుమతించాలో నిర్ణయించాలని చెబుతుంది. ఆ ఒప్పందాన్ని భారతదేశం 1995లో ఆమోదించింది.

సముద్రం అంత పెద్దది కదా, చేపలు నిజంగా అయిపోతాయా?

పూర్తిగా అంతరించిపోవడం అరుదు. కానీ వలకు తగినంత లేకుండా పోవడం చాలాసార్లు జరిగింది. కెనడాలోని న్యూఫౌండ్లాండ్ తీరంలో కాడ్ చేపల వేట కొన్ని వందల ఏళ్ళు సాగింది. వలను నీళ్ళలో ఈడ్చుకుపోయే పెద్ద పడవలు, అంటే ట్రాలర్లు వచ్చాక 1968లో ఒక్క ఏడాదే 8 లక్షల టన్నులు దాటింది. 1992 జులై 2న ప్రభుత్వం ఆ వేటను పూర్తిగా ఆపేయాల్సి వచ్చింది. ముప్పై వేల మందికి పైగా జీవనోపాధి పోయింది. రెండేళ్ళకు తెరుస్తామన్నారు. వాణిజ్య వేట మీద ఆ నిషేధాన్ని ఎత్తేస్తున్నామని ప్రకటించింది 2024లో. అప్పుడు కూడా అనుమతించింది 18,000 టన్నులే.

పెరూలో నెత్తళ్ళ జాతికి చెందిన ఆంచోవెటా 1970లో 1.2 కోట్ల టన్నులు దాటింది. 1972లో ఎల్ నినో వచ్చి అక్కడి సముద్రపు నీరు వేడెక్కింది. 1973కల్లా పట్టుబడి 20 లక్షల టన్నుల లోపుకు పడిపోయింది. వేడెక్కిన నీరే కారణమని కొందరు, వేటే కారణమని కొందరు వాదించారు. అంత ఎక్కువగా పట్టకపోయి ఉంటే ఎల్ నినోను తట్టుకోవడానికి పెద్ద చేపలు మిగిలి ఉండేవన్నది నాకు సబబుగా తోచే వాదన.

ఇంత దూరం వెళ్ళనక్కరలేదు. చెన్నైలో మత్తి అని పిలిచే నూనె కవళ్ళు కేరళలో 2012లో నాలుగు లక్షల టన్నుల దాకా పడ్డాయి. 2021లో పడింది 3,297 టన్నులు. ఇక్కడా సముద్రపు వేడి, వానల తీరు, పిల్లచేపల వేట కలిసి దెబ్బతీశాయి. ఒక ప్రాంతపు నీళ్ళలో ఉన్న ఒక రకం చేపంతటినీ ఒక నిల్వ అంటారు. ప్రపంచం మొత్తం చూస్తే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కల ప్రకారం 1974లో నూటికి తొంభై చేప నిల్వలు నిలకడైన స్థితిలో ఉండేవి. 2021 నాటికి అవి 62.3 శాతానికి తగ్గాయి.

ఎంత పట్టవచ్చో ఎలా లెక్కిస్తారు? నీళ్ళలో ఉన్న చేపలను ఎవరు లెక్కపెట్టారు?

ఎవరూ లెక్కపెట్టలేరు. ఉన్న ఆనవాళ్ళను బట్టి అంచనా వేస్తారు. మొదటి ఆనవాలు రేవుకు వచ్చిన పట్టుబడి. మన దేశంలో ఈ పని 1947లో మొదలైన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థది. దాని ప్రధాన కార్యాలయం కొచ్చిలో ఉంది, చెన్నైలోనూ కేంద్రం ఉంది. సంస్థ మనుషులు నమూనా పద్ధతిలో ఎంచుకున్న రేవుల్లో, ఎంచుకున్న రోజుల్లో పడవలు దిగేచోట నిలబడి ఏ రకం ఎంత వచ్చిందో, ఎన్ని గంటల వేటకు వచ్చిందో రాసుకుంటారు. చేపల పొడవు కొలుస్తారు. కొన్నింటిని కోసి గుడ్లు ఏ దశలో ఉన్నాయో చూస్తారు.

రెండో ఆనవాలు వయసు. చలి దేశాల్లో చేప తలలో ఉండే చెవిరాయిని కోసి, చెట్టు మాను వలయాల్లాగా అందులోని గీతలను లెక్కపెట్టి వయసు చెబుతారు. మన వెచ్చటి నీళ్ళలో ఆ గీతలు అంత స్పష్టంగా ఏర్పడవు. అందుకే ఇక్కడ పొడవుల మీద ఎక్కువగా ఆధారపడతారు. నెలనెలా కొలిచిన వేల పొడవులను వరుసగా పేరిస్తే ఒక ఈడు పిల్లలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో, ఎంత తొందరగా తగ్గిపోతున్నాయో తెలుస్తుంది.

ఇవన్నీ గణిత నమూనాలోకి వెళతాయి. సులువైన ఉదాహరణ ఊహించుకుందాం. వేటే లేని కాలంలో ఒక చేప లక్ష టన్నులు ఉండేదనుకోండి. సముద్రం నిండా ఉన్నప్పుడు తిండి, చోటు చాలక కొత్తగా పెరిగేది దాదాపు సున్నా. మరీ కొద్దిగా ఉన్నప్పుడు పిల్లలను కనే పెద్దవి తక్కువ కాబట్టి పెరిగేదీ తక్కువే. ఈ రెంటికీ నడుమ, సగం దగ్గర, అంటే 50,000 టన్నులు ఉన్నప్పుడు ఏటా కొత్తగా చేరేది అత్యధికంగా ఉంటుంది. అది 10,000 టన్నులు అనుకుందాం. దీన్నే గరిష్ఠ నిలకడ దిగుబడి అంటారు. నిజం చేపల్లో ఈ గరిష్ఠం సరిగ్గా సగం దగ్గరే ఉండాలని లేదు, కానీ ఆలోచన ఇదే.

అయితే ఏటా ఆ 10,000 టన్నులూ పట్టేయవచ్చు కదా?

ఎక్కువ దేశాలు దెబ్బతిన్నది ఇక్కడే. పై ఉదాహరణనే ముందుకు నడిపి చూడండి. రెండు మూడేళ్ళు గుడ్లు సరిగా బతకక నిల్వ 30,000 టన్నులకు తగ్గిందనుకోండి. ఆ స్థితిలో ఏటా కొత్తగా చేరేది 8,400 టన్నులు. మనం మాత్రం పాత అంకె మీదే 10,000 పట్టాం. తగ్గింది 1,600 టన్నులే కదా అనిపిస్తుంది, రేవులో ఎవరికీ తేడా కూడా తెలియదు. మరుసటి ఏడు చేరేది ఇంకా తక్కువ, పట్టేది మాత్రం అంతే. ఇలా లెక్క వేసుకుంటూ పోతే ఐదో ఏడు ముగిసేసరికి నిల్వ 18,500 టన్నుల దగ్గరికి వస్తుంది. ఎనిమిదో ఏడు ముగిసేసరికి మిగిలేది 2,900 టన్నులు. తొమ్మిదో ఏడు 10,000 పట్టడానికి సముద్రంలో అంత చేపే ఉండదు.

మొదట మెల్లగా, ఆఖరున ఒక్కసారిగా పడిపోవడం ఈ వ్యవహారంలో అత్యంత ప్రమాదకరమైన లక్షణం. అందుకని ఇప్పుడు అనుభవమున్న దేశాలు ఒకే అంకెను పట్టుకుని కూర్చోవు. ముందే ఒక నియమం రాసుకుంటాయి: నిల్వ ఫలానా స్థాయికి పైన ఉంటే ఇంత పట్టవచ్చు, దాని కిందికి జారితే అదే నిష్పత్తిలో తగ్గించాలి, మరీ కింద ఉన్న రెండో గీత దాటితే ఆ చేప కోసం వల వేయడమే ఆపాలి. ఆ రెండో గీతను చాలాచోట్ల వేట లేని కాలపు నిల్వలో ఐదో వంతు దగ్గర గీస్తారు. నియమాన్ని చేపలు బాగా ఉన్న రోజుల్లోనే రాసుకోవాలి. కరవు వచ్చాక కూర్చుంటే ప్రతి ఒక్కరికీ అప్పు, పడవ వాయిదా, పిల్లల ఫీజు గుర్తుకొస్తాయి. అవి నిజమైన కష్టాలే కాబట్టి ఎవరూ కాదనలేరు, అంకె మాత్రం తగ్గదు.

శాస్త్రవేత్తల అంచనా తప్పితే?

తప్పుతుంది. కెనడాలో అదే జరిగింది. పెద్ద ట్రాలర్లకు గంటకు ఎంత చేప పడుతోందన్న లెక్కకు ఎక్కువ విలువ ఇచ్చారు. చేపలు తగ్గేకొద్దీ మిగిలినవి కొన్నిచోట్ల గుంపులుగా చేరాయి. ట్రాలర్లు మెరుగైన పరికరాలతో ఆ గుంపులనే వెతికి పట్టాయి. దాంతో కాగితం మీద అంతా బాగున్నట్టే కనిపించింది. ఒడ్డుకు దగ్గరగా చిన్న పడవల్లో వేటాడేవారు 1980లలోనే చేప తగ్గుతోంది, చిన్నదవుతోంది అని మొత్తుకున్నారు. వారి మాటకు తగిన విలువ దొరకలేదు.

ఇందులోంచి నేర్చుకోవాల్సింది లెక్కలు మానేయాలని కాదు. ఎంత తక్కువ తెలిస్తే పరిమితి అంత తక్కువగా ఉండాలి, రేవు మనుషుల మాట లెక్కలోకి ఎక్కాలి. ఈ రెంటిలో ఏది లేకపోయినా ఆ అంకెను నేను నమ్మను.

భారతదేశంలో చేపల నిల్వలు ఎలా ఉన్నాయి?

కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2022లో వివిధ ప్రాంతాల్లోని 135 నిల్వలను పరిశీలించి 91.1 శాతం ఆరోగ్యంగా ఉన్నాయని చెప్పింది. ఇది మంచి వార్తే. అయితే పరిశీలించిన నిల్వల సంగతి మాత్రమే అది. పైగా ఇప్పటికే తగ్గిన స్థాయిలో నిలకడగా ఉన్న చేప కూడా ఇలాంటి లెక్కల్లో ఆరోగ్యంగానే కనిపించవచ్చు. యాభై ఏళ్ళ కిందట వేటాడిన పెద్దవారిని అడిగితే సొరలు, పెద్ద టేకులు, రంపపు చేపల గురించి చెప్పే మాటలు వేరుగా ఉంటాయి.

మన సముద్రంలో 53 లక్షల టన్నులు పట్టవచ్చని అంటారు, పట్టేది 35 లక్షల టన్నులే. మరి పరిమితులెందుకు?

2018లో నిపుణుల కమిటీ మన ఆర్థిక మండలంలో ఏటా 53.1 లక్షల టన్నుల దాకా పట్టే అవకాశం ఉందని అంచనా వేసింది. ఇటీవలి ఏళ్ళలో సముద్రం నుంచి వస్తున్నది 35 లక్షల టన్నులకు అటూ ఇటూ. తేడా చూసి ఇంకా పట్టవచ్చని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఆ మిగులులో ఎక్కువ భాగం లోతు నీళ్ళలో, దూర సముద్రంలో ఉంది. అక్కడికి వెళ్ళడానికి డీజిలు, మంచు, రోజులు కావాలి. పడవలు కిక్కిరిసింది తీరానికి దగ్గరి నీళ్ళలో. అక్కడి రొయ్యకూ వంజరానికీ దూరంలో ఉన్న ట్యూనా మిగులు ఏ విధంగానూ పనికిరాదు. దేశం మొత్తానికి ఒక అంకె చెప్పి ఊరుకోవడం ఇందుకే తప్పుదారి పట్టిస్తుంది.

విదేశాల్లోలాగా ఒక్కో చేపకు కోటా ఇక్కడ పెట్టకూడదా?

అలాస్కా ట్రాలర్ పొలాక్ అనే చేప కోసం వెళితే వలలో అత్యధికం పొలాకే ఉంటుంది. ఇక్కడ కాశిమేడు మరపడవ వల పైకి లాగితే రొయ్యలు, పీతలు, చందువాలు, నెత్తళ్ళు, టేకులు, కానాగంతలు, ఇంకా పేరు కూడా అడగకుండా పక్కకు తోసేసే చిల్లర చేప, అన్నీ కలిసి వస్తాయి. చందువా కోటా నిండిందని ఆ పడవ ఏం చేయాలి? వేట మానేస్తే మిగతా చేపంతా పోయినట్టే. మానకపోతే పడిన చందువాలను చచ్చాక సముద్రంలో పారేయాలి. ఐరోపాలో సరిగ్గా ఇలాగే లక్షల టన్నులు పారేశారు. చివరికి 2015 నుంచి దశలవారీగా, కోటా ఉన్న చేపలను పారేయకుండా పడినదంతా ఒడ్డుకు తేవాలని చట్టం చేయాల్సి వచ్చింది.

కాబట్టి ట్రాల్ వేటకు రోజులు, పడవల సంఖ్య, వల కన్ను మీద హద్దులే మనకు నప్పుతాయి. గుంపులుగా తిరిగే కవళ్ళు, కానాగంతలు, ట్యూనా లాంటి వాటికి మాత్రం టన్నుల పరిమితి ఇక్కడా సాధ్యమే, పెట్టాలి కూడా. ఒక్క వలకు ఒక్క రకమే పడే వేట అది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు నిషేధం ఉంది కదా, అది సరిపోదా?

తమిళనాడులో మరపడవలకు 2001లో 45 రోజులతో మొదలైన ఈ నిషేధం 2017 నుంచి 61 రోజులైంది. ఆంధ్రలోనూ ఇవే తేదీలు. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జులై 31 వరకు. గుడ్లు పెట్టే కాలంలో కొన్ని రకాలకు ఊపిరి దొరుకుతుంది, అడుగును గీరే ట్రాల్ వలలు ఆగడంతో సముద్రపు నేల కుదుటపడుతుంది. నిషేధం ఉండి తీరాలి.

సరిపోదు మాత్రం. మన నీళ్ళలో చేపలన్నీ ఒకే రెండు నెలల్లో గుడ్లు పెట్టవు. పైగా జూన్ 15న పడవలన్నీ ఒక్కసారి కదులుతాయి. మిగిలిన పది నెలల్లో ఇంజన్ గుర్రపు శక్తి పెంచుకుంటే, వల పెద్దది చేసుకుంటే, రెండు నెలల్లో కాపాడుకున్నది ఆరు వారాల్లో పోవచ్చు. పడవల సంఖ్యకూ ఇంజన్ శక్తికీ గట్టి హద్దు లేని నిషేధం సగం పనే చేస్తుంది.

పిల్లచేపల మీద ఇంత పట్టుదల ఎందుకు?

ఒక్కసారైనా గుడ్లు పెట్టనివ్వాలి కాబట్టి. పెద్ద రకం వంజరం సుమారు 70 సెంటీమీటర్లు పెరిగాక గాని గుడ్ల దశకు రాదు. బజారులో అరచేతి పొడవున్న వంజరం పిల్లలను కుప్పగా పోసి అమ్ముతుంటే, రెండేళ్ళ తర్వాతి వేటను ఇవాళే కిలోల లెక్కన అమ్మేస్తున్నారు. కేరళ 2015లో దేశంలోనే మొదటిసారిగా 14 రకాలకు కనీస పొడవు నిర్ణయించింది. 2017లో 58 రకాలకు పెంచింది. కవళ్ళకు 10 సెంటీమీటర్లు, కానాగంతకు 14. తూర్పు తీరానికీ ఇంత వివరమైన జాబితా, దానిని రేవులో అమలుచేసే మనుషులు కావాలి.

వల అడుగున ఉండే సంచి కన్ను కూడా ఇందులో భాగమే. వజ్రాకారపు కన్ను లాగేటప్పుడు బిగుసుకుని మూసుకుపోతుంది. చదరపు కన్ను తెరుచుకునే ఉంటుంది, పిల్లలు జారిపోతాయి. చిన్న చేప మీద డబ్బు వచ్చినంతకాలం మాత్రం ఏ కన్నూ నిలవదు. చేపల పొడి మిల్లులు పిల్లచేపను టన్నుల్లో కొంటున్నాయి, ముందు అడగాల్సింది వాటినే.

పరిమితి పెడితే అందులో ఎవరికి ఎంత? చిన్న పడవలవారు నష్టపోరా?

నష్టపోయే ప్రమాదం చాలా ఉంది. దీన్ని దాటవేసే నిపుణులను నేను అంగీకరించలేను. న్యూజిలాండ్ 1986లో కోటాలను అమ్ముకోగల ఆస్తిగా పంచింది. ఏడాదంతా వేటాడని చిన్నవారు, వారిలో చాలామంది ఆ దేశపు మూలవాసులైన మావోరీలు, ఆ పంపకంలోకే రాలేదు. మావోరీలు న్యాయస్థానాలకెక్కారు. 1989లో మధ్యంతర ఒప్పందంతో కొంత, 1992లో తుది ఒప్పందంతో మరికొంత వాటా వారికి దక్కింది. ఐస్‌లాండ్‌లో కోటాలు మొదట్లో ఉన్నవారి చేతుల్లోనే ఉండిపోయాయి. ఆ పద్ధతి వివక్షతో కూడినదని 2007లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ చెప్పింది. చేపలు కోలుకోవచ్చు గాని, ఒడ్డున ఊళ్ళు ఖాళీ అయితే ఎవరి కోసం కాపాడినట్టు?

మన పక్కనే వేరే దారి ఉంది. ఆంధ్ర, తమిళనాడు రెండింటిలోనూ విస్తరించిన పులికాట్ సరస్సులో పాడు అనే కట్టుబాటు తరతరాలుగా నడుస్తోంది. రొయ్యల వేటకు అనువైన చోట్లను ఊరి సభ్యులు చీట్లు వేసి, వంతులవారీగా పంచుకుంటారు. ఎవరి వంతు ఏ రోజో, ఎక్కడో ముందే తెలుసు. మంచి చోటు ఎప్పుడూ ఒకరిదే కాదు, దాన్ని అమ్ముకోవడం కుదరదు, గొడవ వస్తే ఊరి పెద్దలే తీరుస్తారు. ఇందులోనూ లోపం ఉంది. కట్టుబాటులో లేని కులాలవారికి, ఊళ్ళవారికి చోటు దొరకదు. ఆ తలుపు తెరిచి, శాస్త్రవేత్తలు చెప్పే పైహద్దును దానికి కలిపితే, కోటాల సంతకంటే మన తీరానికి అది ఎన్నో రెట్లు మేలు.

ఆంధ్ర, తమిళనాడు పడవల మధ్య గొడవలకూ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ దాకా రాష్ట్రాల చట్టాలు, ఆపైన కేంద్రానివి. చేపకు ఆ గీతలు తెలియవు. నెల్లూరు నీళ్ళలోకి తమిళనాడు మరపడవలు వస్తున్నాయని అక్కడి మత్స్యకారులు ఎన్నో ఏళ్ళుగా మొరపెట్టుకుంటున్నారు. ఒకే నిల్వను రెండు రాష్ట్రాలు వేరువేరు నియమాలతో వేటాడితే జాగ్రత్తపడినవారే నష్టపోతారు. బంగాళాఖాతపు పడమటి అంచుకంతటికీ ఒకే అంచనా, ఒకే నియమం ఉండాలి.

దేశాల మధ్య కూడా ఇంతే. మన దేశం సభ్యురాలైన హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ 2018 నుంచి 2020 వరకు స్కిప్‌జాక్ ట్యూనాకు ఏటా 4,70,029 టన్నుల పరిమితి పెట్టింది. ఎవరి వంతు ఎంతో తేల్చకపోవడంతో మూడేళ్ళూ అందరూ కలిసి దాన్ని దాటేశారు.

పడవ సముద్రంలో ఏం చేస్తోందో ఎవరు చూస్తారు?

రేవులో తూకం, పడవ చిట్టా, జాడ చెప్పే పరికరం, ఈ మూడూ కలిస్తేనే. ఇస్రో రూపొందించిన పరికరాలను లక్ష పడవలకు ఉచితంగా అమర్చే పథకం 2024 ఆగస్టులో మొదలైంది. తమిళనాడు నిషేధించిన సురుక్కు మడి వల, అంటే రింగు వల విషయంలో 2023 జనవరిలో సుప్రీంకోర్టు 12 నాటికల్ మైళ్ళ ఆవల, సోమ, గురువారాల్లో మాత్రమే, ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకు, జాడ పరికరంతో వేటాడవచ్చని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. పరికరం లేకపోతే ఇలాంటి షరతు ఒక్కటీ నిలవదు. తుపాను హెచ్చరిక కూడా అందులోంచే వస్తుంది కాబట్టి మత్స్యకారులు దీన్ని నిఘాగా మాత్రమే చూడనవసరం లేదు.

చేపలు కొనేవాళ్ళుగా మేం ఏం చేయగలం?

పిల్ల వంజరాన్ని, గుడ్లతో ఉన్న పీతను కొనకండి. మెరీనా లూప్ రోడ్డులోనైనా చింతాద్రిపేటలోనైనా అమ్మేవారిని ఏ పడవ చేప, ఏ వల అని అడగండి, చెప్పగలిగినవారి దగ్గరే కొనండి. ఏప్రిల్, మే నెలల్లో బజారుకు వచ్చే పెద్ద చేపలో చాలావరకు కేరళ వైపు నుంచి మంచులో వచ్చిందే. ఆ రోజుల్లో చిన్న పడవలు దగ్గరి నీళ్ళ నుంచి తెచ్చే నెత్తళ్ళు, కవళ్ళు తాజాగా, చవకగా దొరుకుతాయి. నిషేధం రెండు నెలలు పడవ కూలీలకు అందే ప్రభుత్వ సాయం ఇంటి ఖర్చుకు చాలదు. మీ ఎమ్మెల్యేను కలిసే అవకాశం వస్తే మొదట ఆ సంగతి అడగండి.